ఆషాఢం వెళ్ళేలోగా బ్రేకులు

23 ఏప్రిల్ 2006, ఆదివారం

తప్పు వడ్లది.

ఈ మాట ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను, ఎందుకంటే ఇంట్లో దీన్ని వినేవాళ్ళు లేరు. దాళ్వా కోతలయ్యాయి. పెనుగొండ వెళ్ళే దారి పొడవునా రైతులు వడ్లు రోడ్డు మీదే ఆరబోశారు. సగం రోడ్డు వడ్లది, సగం మనది. ఎదురుగా లారీ వస్తే మన సగం కాస్తా లారీదవుతుంది. నేను వడ్ల మీదికి దిగి బ్రేకు తొక్కాను. నాలుగు చక్రాలూ బిగుసుకుపోయాయి. కారు అడ్డంగా తిరిగి, సర్రున జారి, ముందు చక్రం ఒకటి కాలవ గట్టు దాటించి గాల్లో పెట్టుకుని ఆగింది. కింద నిండు కాలవ. కాపలా ఉన్న ముసలాయన పరిగెత్తుకొచ్చి ముందు వడ్లు చూసుకున్నాడు, ఆ తరవాత మమ్మల్ని చూశాడు.

నాగేశ్వరి వెనక తలుపు వైపునుంచి మెల్లగా దిగింది, కుచ్చిళ్ళు సర్దుకుంది, వస్తున్న ఆటో ఒకటి ఆపి ఎక్కి వెళ్ళిపోయింది. వాళ్ళ బ్యాంకులో పనిచేసే అమ్మాయి పెళ్ళి. నేను పదిమందిని బతిమాలి కారు వెనక్కి లాగించి వెళ్ళేసరికి ఆఖరి బంతి. అందులోనూ గారెలు అయిపోయాయి.

తిరిగొచ్చేటప్పుడు ఆవిడ బస్సులో వచ్చింది. నేను కారులో, పక్క సీట్లో తాంబూలం సంచితో.

24 ఏప్రిల్

మామూలుగానే మాట్లాడుతోంది. పాలవాడి గురించి, గ్యాసు గురించి. కారు గురించి మాత్రం మాట్లాడదు. అరిచినా బాగుండేది.

26 ఏప్రిల్

ఇంకెవరూ చదవరు కాబట్టి దీపం సంగతి కూడా రాసుకుందాం.

స్పీడోమీటరు కింద ఏబీఎస్ అని పసుపురంగు దీపం ఒకటుంది. కారు కొన్న కొత్తల్లోనే వెలిగింది, మళ్ళీ ఆరలేదు. భీమవరం రొయ్యల చెరువులాయన దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పెద్ద కారు. మా కొవ్వూరులో మరొకరికి లేనన్ని దీపాలు దీనికున్నాయి. ఒకటి ఎక్కువ వెలిగితే ఏం పోయిందిలే అనుకున్నాను. నాగేశ్వరి అడిగింది, "ఏంటండీ అది, ఎప్పుడూ వెలుగుతుంది?" అని. "సెన్సరు మీద దుమ్ము" అన్నాను. మళ్ళీ అడిగింది. అప్పుడు దాని మీద ఆంజనేయస్వామి స్టిక్కరు అంటించాను. భక్తితోనే. ఆయన వాయుపుత్రుడు, ప్రయాణాలకి మంచిది.

కాలేజీలో ఫస్టియర్ పిల్లలకి ఘర్షణ పాఠం చెప్పేది నేనే. జారుతున్న దానికి పట్టు తక్కువ, దొర్లుతున్న దానికి పట్టు ఎక్కువ అని ఏటా బోర్డు మీద రాస్తాను. గట్టిగా తొక్కినా చక్రం బిగుసుకోకుండా, పట్టుకుంటూ వదులుతూ కారుని ఆపే పెట్టె ఒకటి బానెట్ కింద ఉంటుందని, అందులో నా పాఠమంతా ఉంటుందని పిల్లలకి గొప్పగా చెబుతాను. ఆ పెట్టె చచ్చిపోయిందని దీపం చెబుతుంటే, దీపం మీద దేవుణ్ణి కూర్చోబెట్టాను.

అయినా సరే, రోడ్డు మీద వడ్లు ఆరబోయడం తప్పే.

12 మే

నాగేశ్వరికి ప్రమోషన్ వచ్చింది. మేనేజరు. బ్రాంచి జంగారెడ్డిగూడెం. జూన్ మొదటి వారంలో చేరాలి.

పక్కింటి గున్నేశ్వరరావుగారికి పూతరేకులు ఇచ్చి వచ్చాను. ఆయనకి మార్కెట్లో పెద్ద కిరాణా కొట్టుంది, మా గోడ పక్కనే మేడ కట్టిస్తున్నాడు. "ఆయ్, మేడమ్‌గారు మేనేజరైపోయారన్నమాట! మీరింక రోజూ కారులో దింపి రావాలండి లెక్చరర్‌గారూ" అన్నాడు. నాకూ అదే అనిపించింది. పొద్దున్నే దింపేసి కాలేజీ టైముకి వచ్చేయొచ్చు. సాయంత్రం మళ్ళీ వెళ్ళొచ్చు.

ఇంటికొచ్చి ఆ మాటే చెప్పాను.

"వద్దండీ, బస్సుంది."

"రెండు బస్సులు మారాలి, నాగా."

"రెంటికీ డ్రైవర్లుంటారు" అంది.

నేను ఎవరిననుకుంటోందో!

15 జూన్

పొద్దున వంట చేసి చీకటి విడకముందే వెళ్తుంది. సాయంత్రం వచ్చేసరికి కాళ్ళు వాచి ఉంటాయి. దేవరపల్లి నుంచి నించునే వచ్చిందట. అచ్చాయమ్మగారు వేడినీళ్ళ బేసిను తెచ్చి ముందు పెట్టింది. అచ్చాయమ్మగారు నాగేశ్వరి పిన్ని. గోదావరి స్నానానికని అంబాజీపేట నుంచి వచ్చి, ఆవకాయ పట్టి, ఆవకాయ ఊరేదాకా ఉంటానని ఉండిపోయింది.

"కారుండగా ఈ బస్సులేంటే తల్లీ?" అంది పిన్నిగారు.

నాగేశ్వరి బేసినులో కాళ్ళు పెట్టుకుంది. నేను పేపరు తిప్పాను.

22 జూన్

దెబ్బ పడింది.

వాళ్ళ బ్రాంచి వెనక సందులో రత్నమాణిక్యం గారని ఒకావిడ ఇల్లుందిట. పైన గది ఖాళీ. బాత్‌రూము విడిగా ఉందిట, బోరు నీళ్ళు తియ్యగా ఉంటాయట. "అక్కడే ఉంటానండీ. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున వెళ్తాను" అంది. ఎంతో మామూలుగా అంది, కూరలోకి కొత్తిమీర లేదని చెప్పినట్టు.

నేను కలిపిన అన్నం పక్కకి జరిపాను. నీళ్ళు తాగి, "నీ ఇష్టం" అన్నాను. అంత పెద్దమనిషి తరహాలో నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

అచ్చాయమ్మగారు మజ్జిగ గిన్నె కింద పెట్టి, "ఎల్లుండి పోతే ఆషాఢం వస్తోంది. ఆషాఢంలో కొత్త గుమ్మం ఎక్కుతావటే? శ్రావణంలో మంచిరోజు చూసుకుని వెళ్ళు" అంది.

నాగేశ్వరి సరేనంది.

పంచాంగాన్ని క్లాసులో ఎగతాళి చెయ్యడం ఇవాళ్టితో మానేశాను. నాకు నెల రోజులు దొరికాయి. ఆషాఢం వెళ్ళేలోగా ఆ కారుని ఆవిడ నమ్మేలా చెయ్యాలి. లేకపోతే ఈ ఇంట్లో నేనూ, ఆవకాయ జాడీలూ మిగులుతాం.

25 జూన్, ఆదివారం

ఏబీఎస్ పెట్టె కొత్తది ఎంతవుతుందని కంపెనీ సర్వీసు వాళ్ళకి ఫోను చేశాను. ధర విన్నాక రాంగ్ నంబరని చెప్పి పెట్టేశాను.

మెకానిక్కుకి అప్పగిస్తే ఎక్కడో ఒకచోట పాతది వెతికి బిగించి ఇస్తాడు. కారు బాగుపడుతుంది. కానీ నేను బాగుచేసినట్టవదు కదా. నాగేశ్వరి నమ్మాల్సింది నన్ను, మెకానిక్కుని కాదు. ఈ తర్కం రాసుకుంటుంటే బాగానే ఉంది.

ఇంట్లో నాకు రిపేర్ల విషయంలో ఒక పేరుంది. హాల్లో ఫ్యాను నేను బాగుచేశాక గాలి పైకి పోతోంది. పైన బల్లులు చేరవు, సీలింగు చల్లగా ఉంటుంది. మిక్సీ కూడా బాగానే తిరుగుతుంది, మూత మీద ఎవరైనా కూర్చుంటే.

2 జూలై

విజయవాడ ఆటోనగర్ వెళ్ళొచ్చాను. మా కారు లాంటిదే ఒకటి, ముందు బాగుంది, వెనక నుజ్జయింది. దాన్నుంచి పెట్టె తీయించాను. చిన్న అల్యూమినియం దిమ్మ, పక్కన మోటారు, వెనక నల్లటి ప్లాస్టిక్కు డబ్బా, పైన ఆరు పైపుల రంధ్రాలు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. పక్కన కూర్చున్నాయన స్వీట్లా అని అడిగాడు.

అచ్చాయమ్మగారు గుమ్మం దగ్గరే ఆపేసింది.

"ఎక్కడిదండీ అల్లుడుగారూ ఇది?"

"పాత కారులోదండి."

"ఆ కారేమైంది?"

అబద్ధం చెప్పాల్సింది. "యాక్సిడెంటయింది" అన్నాను.

ఆవిడ లోపలికెళ్ళి పసుపునీళ్ళ చెంబుతో వచ్చింది. ఆ నల్ల డబ్బాలోకి నీటిచుక్క పోతే నా విజయవాడ ప్రయాణం గోదావరిపాలే. తువ్వాల్లో చుట్టి, రెండు చేతులతో నెత్తి మీద ఎత్తి పట్టుకుని, "నా మీద చల్లండి అత్తయ్యగారూ, నేనే దానికి బాధ్యుణ్ణి" అన్నాను. చల్లింది. వంటింట్లోంచి నాగేశ్వరి చూస్తోంది. నవ్వాపుకుంటోందని నాకు అనుమానం. చాలా రోజులైంది ఆవిడ నవ్వు చూసి.

5 జూలై

ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని కాగితాలు ప్రింటు తీసుకున్నాను. ఎవరో విదేశీయుడు తన షెడ్డులో ఇదే పెట్టె మార్చుకుంటూ ప్రతి అడుగూ ఫొటో తీశాడు. చివరి ఫొటోలో కుక్కతో సహా నవ్వుతున్నాడు.

9 జూలై, ఆదివారం, మధ్యాహ్నం

ఆయుధపూజ లేకుండానే మొదలుపెట్టాను. బ్యాటరీ తీసేశాను. పాత ఇంజెక్షన్ సిరంజితో బ్రేక్ ఆయిల్ తోడేశాను. అది ఒలికితే రంగు ఊడుతుందని కాగితాల్లో ఉంది. ఒలికింది. ఊడింది. ఆ చోట ఒక స్టిక్కరు అంటించొచ్చు.

పైపులన్నిటికీ చీటీలు కట్టి, నట్లు విప్పి, పాత పెట్టె తీసి కొత్తది కూర్చోబెట్టాను. గున్నేశ్వరరావుగారు తన మేడ గోడ మీదనుంచి, "జాగ్రత్తండీ, అది బ్రేకంటకదా, పోతే ఇబ్బంది" అని సలహా ఇస్తున్నాడు. ఐదు నట్లు పానాతో బిగించాను. ఆరోదానికి పానా పెట్టబోతుంటే అచ్చాయమ్మగారు వచ్చింది.

"అల్లుడుగారూ, ఆగండాగండి! వర్జ్యం వచ్చేసింది. వర్జ్యంలో పని ముగించకూడదు."

"ఇంకొక్క నట్టేనండి."

"అదేనండీ నేననేది. ఆ ఒక్కటీ ఉంచండి. అది పోయాక బిగిద్దురుగాని. అమ్మాయి ఎక్కాల్సిన బండి."

ఆఖరి మాట నన్ను కొట్టింది. భౌతికశాస్త్రంలో వర్జ్యానికి విలువ లేదు. అయినా పదిహేను రోజుల కిందట ఆషాఢం నన్ను కాపాడింది కదా, అదే కుటుంబానికి చెందిన వర్జ్యాన్ని నొప్పించడం ఎందుకు? ఆరో నట్టు వేళ్ళతో తిప్పి వదిలేశాను. పప్పుచారు, వంకాయకూర. తిని కాస్త నడుం వాల్చాను. ఇంత ప్రశాంతంగా నిద్రపట్టి ఎన్నాళ్ళయిందో.

అదే రోజు, సాయంత్రం

నేను లేచేసరికి వర్జ్యం పోయింది. దాంతో పాటు ఆ నట్టు సంగతీ పోయింది.

అచ్చాయమ్మగారు బానెట్‌కి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టింది. ఇక పైపుల్లో గాలి తీయాలి. అది ఒంటిచేతి పని కాదు. ఒకళ్ళు సీట్లో కూర్చుని పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఒకళ్ళు చక్రం దగ్గర నట్టు వదులు చేసి బుడగలు వదలాలి. గున్నేశ్వరరావుగారు అప్పుడే ఏదో పని గుర్తొచ్చి గోడ దిగాడు. అచ్చాయమ్మగారి కాలు అందదు.

నాగేశ్వరి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "కారు కదలదు కదా?" అంది.

"జాకీ మీదుంది. కదలాలన్నా కదలదు."

డ్రైవరు సీట్లో కూర్చుంది. సీటు ముందుకి జరుపుకుంది. ఏప్రిల్ తరవాత ఆవిడ ఆ కారులో కాలు పెట్టడం ఇదే. నేను చక్రం కింద పడుకుని ఉన్నాను కాబట్టి నా మొహం ఆవిడకి కనపడలేదు, అదే నయం.

"తొక్కు!"

"తొక్కానండీ."

"పట్టుకో! ... వదులు."

"వదిలాను."

చక్రం తరవాత చక్రం. మధ్యలో, మన స్టీరింగు కుడివైపని, కాగితాలాయనది ఎడమవైపని గుర్తొచ్చింది. చక్రాల వరసలో ఆయన కుడి అంటే మనకి ఎడమ. మళ్ళీ మొదటి నుంచి.

"మెత్తగా ఉందండీ" అంది నాగేశ్వరి.

"కొత్తది కదా, కాస్త మెత్తగానే ఉంటుంది."

"కాస్త కాదు. కాలు కిందిదాకా పోతోంది."

"నువ్వు గట్టిగా తొక్కుతున్నావు."

అచ్చాయమ్మగారు వాకిట్లో నించుని, "ఇక్కడేదో నూనె కారుతోందండీ" అంది. పొద్దున ఒలికిందేనని చెప్పాను. ఇద్దరు ఆడవాళ్ళు రెండు చోట్లనుంచి ఒకే సంగతి చెబుతుంటే, మధ్యలో పడుకున్న లెక్చరర్‌కి మాత్రం అన్నీ తెలుసు.

జాకీ దించాను. "సందు చివరిదాకా వెళ్ళొస్తాను, చూడు" అన్నాను. చూడమన్నందుకు ఆవిడ చూసింది. గేటు దాటాక మొదటిసారి తొక్కితే కారు ఆగింది. ఆగింది కదా అని చెయ్యి ఊపాను. రెండోసారి తొక్కితే పెడల్ నేలకి అంటుకుంది. గున్నేశ్వరరావుగారి మేడ కోసం పోయించిన ఇసకకుప్ప సందు మలుపులో ఉండబట్టి సరిపోయింది. కారు అందులోకి ముక్కు దూర్చి ఆగింది. వేగమేమీ లేదు, దెబ్బలేమీ లేవు. సందంతా బయటికొచ్చింది.

"ఆయ్, ఇసక పనికొచ్చిందండి" అన్నాడు గున్నేశ్వరరావుగారు.

నాగేశ్వరి దగ్గరకొచ్చి ముందు నన్ను చూసింది, మోచెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తరవాత ఇంట్లోకి వెళ్ళింది.

10 జూలై

ఆరో నట్టు వేళ్ళతో తిప్పినట్టే ఉంది. వర్జ్యం పోయాక బిగించమనే అచ్చాయమ్మగారు చెప్పింది. వర్జ్యంతో పాటు నట్టునీ పోనిచ్చింది నేను.

13 జూలై

నాగేశ్వరి పొద్దున బస్సుకి వెళ్తూ, "రత్నమాణిక్యం గారు గదికి సున్నం వేయిస్తున్నారండీ" అంది.

16 జూలై, ఆదివారం

మళ్ళీ మొదలుపెట్టాను. ఇవాళ కాగితాలు లోపల పెట్టేశాను. నట్లన్నీ పానాతో బిగించి, ఒక్కొక్కటీ పైకి పేరు పెట్టి పిలిచినట్టు లెక్కచెప్పుకున్నాను. అచ్చాయమ్మగారిని వర్జ్యం ఎప్పుడని ముందే అడిగి, అది వచ్చేలోగా ముగించాను. ఇది మూఢనమ్మకం కాదు, టైంటేబులు.

నాగేశ్వరిని పిలవాలంటే మొహం చెల్లలేదు. కారు పక్కన పానా పట్టుకుని ఊరికే నించున్నాను. ఆవిడే వచ్చి సీట్లో కూర్చుంది.

"ఈసారి నేను గట్టిపడిందని చెప్పేదాకా మీరు ఆపకండి" అంది.

"సరే."

"నేను మెత్తగా ఉందంటే మెత్తగా ఉన్నట్టే."

"సరేనన్నాను కదా."

మూడు చక్రాల దగ్గర "ఇంకా మెత్తగానే ఉంది" అంది. తీస్తూ పోయాను. నాలుగో చక్రం దగ్గర, సీసాలోకి ఒక్క బుడగ కూడా రానప్పుడు, పైనుంచి గొంతు వినపడింది. "ఇప్పుడు గట్టిపడిందండీ. రాయిలా ఉంది." నేను కింద పడుకునే ఉన్నాను. వీపు కింద గులకరాళ్ళు గుచ్చుకుంటున్నాయి. ఆ మాట ఇంకోసారి చెప్పించుకోవాలనిపించి, "నిజమేనా?" అన్నాను.

"నిజమేనండీ. లేవండి, షర్టంతా నూనె."

22 జూలై

పట్టిసీమదాకా గట్టు మీద నేనొక్కణ్ణే వెళ్ళొచ్చాను. ఆంజనేయస్వామి స్టిక్కరు తీసి చూశాను, దీపం వెలగలేదు. దారిలో మనుషులు లేని చోట, తడి మట్టి మీద కావాలని గట్టిగా తొక్కాను. కారు గీత గీసినట్టు తిన్నగా ఆగింది. మళ్ళీ తొక్కాను. మళ్ళీ ఆగింది. మేకలు కాసుకునే ఒకాయన చాలాసేపు చూసి, "ఏవండీ, బండి నడవట్లేదా?" అని అడిగాడు. "ఆగుతోందండీ!" అన్నాను. ఆయనకి నా మీద జాలి కలిగినట్టుంది.

అక్కడినుంచే గోదావరి మధ్యలో కనపడుతున్న వీరభద్రుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఆషాఢం వెళ్ళడానికి ఇంకా రోజులున్నాయి. గెలిచాను.

23 జూలై, ఆదివారం

గెలవలేదు.

కారు తుడిచి, గుమ్మం ముందు నిలబెట్టి, ముందు తలుపు తీసి పట్టుకుని, "రా నాగా, ఎక్కు. దీపం లేదు, ఏమీ లేదు. నువ్వే కదా గట్టిగా ఉందన్నావు" అన్నాను.

"కారు బాగుందండీ" అంది. "బాగుచేశారు. ఒప్పుకుంటున్నాను."

"మరి ఎక్కు."

"నాకు భయం కారంటే కాదండీ. మీరు నడుపుతుంటే."

తలుపు పట్టుకుని అలాగే నించున్నాను. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, ఇప్పుడూ పెంచలేదు.

"ఆ రోజు వడ్లు దూరం నుంచే కనపడ్డాయి. మెల్లగా వెళ్ళండి అన్నాను. రెండుసార్లన్నాను. వడ్లంటే నాకు తెలుసులే అన్నారు. దీపం గురించి అడిగితే దుమ్మన్నారు. పెడల్ మెత్తగా ఉందంటే నా కాలన్నారు. బ్రేకు మార్చారు సరే, అది మీరు తొక్కితేనే కదండీ పనిచేసేది."

నెల రోజులుగా నేను మార్చింది వేరే పెట్టె అన్నమాట.

"అయితే కారెందుకింక? అమ్మేద్దాం" అన్నాను. ఆవిడ కారు చుట్టూ ఒకసారి తిరిగింది. డ్రైవరు వైపు ఆగింది.

"మొన్న అక్కడ కూర్చున్నప్పుడు నాకు భయం వెయ్యలేదు" అంది. "నాకు నేర్పించండి. మీరు కాదు. ఎవరైనా తెలిసినవాళ్ళతో."

27 జూలై

శ్రావణం వచ్చింది. రత్నమాణిక్యం గారికి ఇంకో నెల ఆగమని కబురు చేసింది. నా మెడ మీద కత్తి తియ్యలేదు, కాస్త పక్కకి జరిపింది.

6 ఆగస్టు, ఆదివారం

బుల్లిరాజు డ్రైవింగ్ స్కూల్. నేను వెనక సీట్లో కూర్చున్నాను. "క్లచ్చు మెల్లగా వదలండి మేడమ్, ఆయ్, అంతే" అంటున్నాడు. నేను రెండు సలహాలిచ్చాను. మూడోది ఇవ్వబోతే, "సార్, మీరు ఇక్కడ దిగి టీ తాగుతూ ఉండండి, మేం వచ్చేస్తాం" అన్నాడు బుల్లిరాజు. దిగాను. నాగేశ్వరి అద్దంలోంచి నన్ను చూసి నవ్వింది. నా మీదే, అయినా నవ్వింది.

13 ఆగస్టు

మళ్ళీ టీ.

17 సెప్టెంబరు

లైసెన్సు వచ్చింది. గది వద్దని రత్నమాణిక్యం గారికి చెప్పేసింది. రేపటినుంచి కారులో తనే వెళ్ళి, తనే వస్తుంది. అచ్చాయమ్మగారు చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు తెప్పించింది. ఆవకాయ ఎప్పుడో ఊరింది, ఆవిడ వెళ్ళే సూచన మాత్రం లేదు.

ఇవాళ సందు మలుపులో ఇసక దాటేటప్పుడు నాగేశ్వరి ఎంత నెమ్మదిగా పోనిచ్చిందో! గున్నేశ్వరరావుగారు గోడ మీదనుంచి, "మేడమ్‌గారు బాగా నడుపుతున్నారండీ" అన్నాడు. నా వైపు చూడలేదు. మర్యాదస్థుడు.

నేను అనుకున్నది అయింది. ఆవిడ ఈ ఇంట్లోనే ఉంది. రోజూ వస్తుంది. నేను బాగుచేసిన కారులోనే వస్తుంది. నేను అందులో లేను, అంతే.

25 సెప్టెంబరు

సాయంత్రం గేటు దగ్గర పేపరు చదువుకోవడం అలవాటైంది. అక్కడ గాలి బాగా వస్తుంది.

12 అక్టోబరు, గురువారం

తడి బట్టలతోనే రాస్తున్నాను.

మధ్యాహ్నం నుంచీ వాన. దీపాలు పెట్టే వేళయింది, నాగేశ్వరి రాలేదు. సెల్లు మోగుతోంది, ఎత్తట్లేదు. నడిపేటప్పుడు ఎత్తొద్దని నేనే చెప్పాను. గొడుగు వేసుకుని సందు మొదటికి వెళ్ళాను, వచ్చాను, మళ్ళీ వెళ్ళాను. గున్నేశ్వరరావుగారు, "వానకదండీ, నెమ్మదిగా వస్తారు" అన్నాడు. తెలుసన్నాను. తెలియదు. నాకేమీ తెలియదు.

తరవాత లైట్లు కనపడ్డాయి. గేట్లోకి వచ్చి ఆగింది. దిగింది. చీర అంచు తడిసి ఉంది, అంతే, మామూలుగానే ఉంది.

"ఏంటండీ వానలో నించున్నారు?"

"ఏం లేదు. ఆలస్యమైంది కదా."

"కొయ్యలగూడెం దాటాక పామాయిల్ గెలలు వేసుకుని ట్రాక్టరు ఆగిపోయి ఉందండీ. వెనక లైటు లేదు. వానలో దగ్గరికొచ్చేదాకా కనపళ్ళేదు. ఉన్నపళంగా తొక్కేశాను. కాలి కింద పెడల్ గడగడలాడిపోయింది. విరిగిపోతోందనుకున్నాను. కానీ స్టీరింగు తిరిగిందండీ. దాని పక్కనుంచి వచ్చేశాను. ఇంత ఎడం కూడా లేదు." రెండు వేళ్ళు ఎడంగా పెట్టి చూపించింది. "ఏంటది? పాడైపోయిందా మళ్ళీ?"

"పాడవలేదు" అన్నాను. "అది అలాగే గడగడలాడాలి. చక్రాన్ని పట్టుకుంటూ వదులుతూ ఆపుతుంది. పనిచేస్తే అలాగే ఉంటుంది."

"అలాగా" అంది. తాళాలు సంచిలో వేసుకుంది. "అయితే మీరు బాగుచేసింది పనిచేసిందన్నమాట."

జూన్ నుంచి ఆ మాట కోసం ఎదురుచూశాను. ఆ మాట వచ్చిన రోజున ఏం అనాలో, ఎంత మామూలుగా నవ్వాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. ఇవాళ ఆవిడ అంటే నాకు నవ్వు రాలేదు. సంతోషం కలగలేదు. భయం వేసింది. అరుగు మీద కూర్చుండిపోయాను. వాదన గెలవడానికి పెట్టె మార్చానే గాని, ఒక వానరోజున దాని మీద ఆవిడ ప్రాణం ఆనుకుని ఉంటుందని పానా పట్టుకున్న ఇన్నాళ్ళలో ఒక్కసారీ అనుకోలేదు.

"అన్నం తిందురుగాని రండి, తలంతా తడిసింది" అని లోపలినుంచి పిలుస్తోంది.

13 అక్టోబరు, శుక్రవారం

పొద్దున ఆవిడ తాళాలు తీసుకుంటుంటే, "ఇవాళ బస్సులో వెళ్ళరాదూ?" అన్నాను.

నాగేశ్వరి ఆగి నన్ను చూసింది. "కారు బాగానే ఉందిగా?"

"బాగానే ఉంది."

"నేను సరిగ్గా నడపట్లేదా?"

"నాకన్నా బాగా నడుపుతున్నావు."

"మరి?"

పాఠం చెప్పినట్టు ఏదో ఒకటి చెప్పొచ్చు, రోడ్డు తడి, టైర్ల అరుగుదల, అవీ ఇవీ. "ఏం లేదు, ఊరికే అన్నాను" అన్నాను.

ఆవిడకి అర్థమైనట్టుంది. దగ్గరికొచ్చి, "వానొస్తే నెమ్మదిగా వస్తాను, ఆలస్యమైతే దేవరపల్లిలో ఆగి ఫోను చేస్తాను" అంది. పిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. నేను పిల్లాడిలాగే తల ఊపాను. సందు మలుపు తిరిగేదాకా చూశాను.

కాలేజీకి సెలవు చెప్పాను. గేటు దగ్గర కుర్చీ వేసుకున్నాను. ఇంకా తొమ్మిది కూడా కాలేదు.